ఇత్తడి మెడకు ఉక్కు ఉంగరం

మనిషి ఇంతవరకు కనిపెట్టిన వస్తువులన్నిటిలో లోకశాంతికి ఎక్కువ సేవ చేసింది ఏదని ఎవరైనా నన్ను అడిగితే, తడుముకోకుండా చెప్తాను. తూటా మెడను బిగించే బుషింగ్!

నవ్వేవాళ్ళు నవ్వుకోండి. తూటాకూ శాంతికీ చుట్టరికం ఏమిటని అడిగేవాళ్ళు అడగండి. నేను దోహా బయట ఉన్న ఒక ప్రైవేటు రైఫిల్ క్లబ్బులో కొనుగోళ్ళ ఆఫీసర్ని. పేరు సైలస్. సొంత ఊరు నరసాపురం దగ్గర. ఉండేది ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో, ఒక విల్లాను నాలుగు కుటుంబాలు పంచుకోగా మాకు మిగిలిన వాటాలో. పుట్టి బుద్ధెరిగిన తర్వాత తుపాకీ పేల్చినవాణ్ణి కాను. కాని పేల్చేవాళ్ళకు కావలసినవన్నీ తెప్పించేది నేనే కాబట్టి, బుషింగు మహిమ గురించి మాట్లాడే హక్కు నాకు కొంత ఉంది.

ముందు అదేమిటో చెప్పాలి. గురి పోటీల్లో కాల్చేవాళ్ళు ఒకసారి పేలిన తూటా తాలూకు ఇత్తడి గొట్టాన్ని పారేయరు. దానిలో మళ్ళీ మందు నింపి, కొత్త గుండు అమర్చి వాడుకుంటారు. పేలినప్పుడు ఆ గొట్టం మెడ కాస్త సాగుతుంది. సాగిన మెడను తిరిగి దగ్గరకు నొక్కితేనే కొత్త గుండు అందులో నిలబడుతుంది. ఆ నొక్కే అచ్చును డై అంటారు. డై లోపల కూర్చునే చిన్న ఉక్కు ఉంగరమే బుషింగ్. ఉంగరం రంధ్రం ఎంత ఉంటే మెడ అంతకు దిగుతుంది. బిగువు ఎక్కువైతే గుండు ఒక తీరుగా పోతుంది, తక్కువైతే ఇంకో తీరుగా పోతుంది. అందుకని సరైన ఉంగరం ఎంచుకోవాలి.

ఇంతవరకూ సుఖంగానే ఉంది కదా? ఇప్పుడు వినండి. ఈ ఉంగరాలు ఒకదానికీ తర్వాతదానికీ అంగుళంలో వెయ్యో వంతు తేడాతో వస్తాయి. మీ తల వెంట్రుక ఒకటి పీకి, దాన్ని నిలువునా మూడు పాయలుగా చీల్చండి. అందులో ఒక పాయ మందం ఎంతో, ఆ తేడా అంత. బట్టతలవారు పక్కవారిని అడిగి తీసుకోవచ్చు.

ఎంచుకునే పద్ధతి మాత్రం చాలా సులువు. గుండు పెట్టిన తూటా మెడను మైక్రోమీటరుతో కొలవండి. అందులోంచి ఒకటో రెండో వెయ్యో వంతులు తీసేయండి. ఆ సైజు ఉంగరం కొనండి. అయిపోయింది.

కాని ఒకటా, రెండా? లోకశాంతి అంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఒకటి చాలనేవాళ్ళున్నారు. రెండు లేకపోతే రైఫిల్ ముట్టుకోని వాళ్ళున్నారు. ఇత్తడి పాతబడే కొద్దీ మొండికేసి, నొక్కిన మెడ మళ్ళీ విచ్చుకుంటుంది కాబట్టి ముందు దాన్ని మంటలో చూపించి మెత్తబరచాలనేవాళ్ళున్నారు. మెడ గోడ ఒకవైపు మందం, ఒకవైపు పలుచన కాబట్టి ముందు చెక్కాలనేవాళ్ళున్నారు. ఉంగరం మీద చెక్కిన సైజును నమ్మినవాడు చెడిపోతాడనేవాళ్ళున్నారు. అంకె ఉన్న వైపు పైకి పెట్టాలా, కిందికి పెట్టాలా అన్నదాని మీద అన్నదమ్ములు వేరుపడి ఉంటారని నా గట్టి నమ్మకం.

మా క్లబ్బు భోజనాల బల్ల దగ్గర ఇద్దరు తెలుగువాళ్ళు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు జెర్రీ. కాకినాడ మనిషి, క్లబ్బు ఇంజనీరు, రైఫిల్ జట్టుకు కెప్టెన్. రెండోవారు అబ్దుల్ ఖాదర్. బోధన్ నుంచి వచ్చాడు, ముఐథర్‌లో కాపురం, మా వర్క్‌షాపులో జట్టుకు కావలసిన తూటాలన్నీ చేత్తో తయారుచేసేది ఆయనే. ఈ ఇద్దరూ ఒకప్పుడు పులుసులో బెల్లం పడాలా వద్దా అని పోట్లాడుకునేవారు. రాష్ట్రం ఎవరివల్ల విడిపోయిందని పోట్లాడుకునేవారు. ఎవరిది అసలైన తెలుగు అన్న చర్చ మొదలైతే మేమంతా ప్లేట్లు పట్టుకుని వేరే బల్లకు మారిపోయేవాళ్ళం.

అటువంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం జెర్రీ, జట్టు తూటాలకు ముప్పై అయిదో నంబరు ఉంగరం మేలన్నాడు. ఖాదర్, ముప్పై నాలుగే మేలన్నాడు. అసలు సైజులో ఈ అంకెకు ముందు ఇంకో మూడు ఉంటుంది, అది అందరికీ తెలిసిందే కదా అని పలకడం మానేస్తారు. అంతే. ఆ రోజు నుంచి బెల్లం ప్రస్తావన లేదు. రాష్ట్రం ఊసు లేదు. కాకినాడా బోధనూ కలిసి ఒకే ఉంగరం మీదికి వంగాయి. రెండు ప్రభుత్వాలు చేయలేని పని గోరంత ఉక్కుముక్క చేసిందా లేదా?

మేళ్ళు అక్కడితో ఆగలేదు. ఖాదర్ భార్య హబీబున్నీసా మా ఆవిడతో ఫోన్లో చెప్పుకున్నదాని ప్రకారం, ఆయన ఇంట్లో కూరకు వంక పెట్టడం పూర్తిగా మానేశాడు. అన్నం ముందు కూర్చుని, జేబులోంచి ఉంగరం తీసి, దానిలోంచి ట్యూబ్‌లైటును చూస్తూ తినేస్తాడట. ఉప్పు లేకపోయినా తెలియదు. ప్రెషర్ కుక్కర్ రబ్బరు సాగిపోయి ఆవిరంతా పక్కల నుంచి పోతోంది, కొత్తది తెమ్మంటే మాత్రం ప్రతిసారీ తప్పు సైజే తెస్తున్నాడట. ఇది చిన్న లోపం. మహానుభావులకు ఇటువంటివి ఉంటాయి.

నా ఉద్యోగానికి కూడా మేలు జరిగింది. ఎటూ తేలకపోవడంతో మా మేనేజర్ ఇస్హాక్ గారు, ఒక్క సైజు కాదు మొత్తం సెట్టు తెప్పించమన్నారు. పార్సెల్ వచ్చాక కార్గో ఆఫీసులో ఒక పెద్దాయన డబ్బా తెరిచి, ఉంగరాలు చూసి, ఒకదాన్ని చిటికెన వేలికి పెట్టుకోబోయాడు. పట్టలేదు. నగలైతే వేరే కౌంటరన్నాడు. నేను అనుమతి కాగితాలు చూపించి, నాకొచ్చిన అరబ్బీలో సగం, హిందీలో సగం వివరించాను. అన్నీ ఒకేలా ఉన్నాయి, ఒకటి చాలదా అని ఆయన అడిగాడు. ఒకేలా లేవని చెప్పాను. రెండింటిని పక్కపక్కన పెట్టి, ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నా వంక చూశాడు. ఏమనుకున్నాడో, కాగితాల మీద ముద్ర వేసేముందు ఒక కప్పు గహ్వా, అంటే వాళ్ళ కాఫీ, ఇప్పించాడు. దుఃఖంలో ఉన్నవాళ్ళకు ఇచ్చినట్టు ఇప్పించాడు.

ఇప్పుడు లుబ్నా గురించి చెప్పాలి. ఖాదర్ కూతురు. అల్ సద్‌లో ఒక పళ్ళ క్లినిక్‌లో రిసెప్షన్ చూస్తుంది. ఇక్కడే ఇండియన్ స్కూల్లో చదువుకుంది కాబట్టి తెలుగంతా తండ్రి నోటి నుంచి నేర్చుకున్నదే. సిబ్బంది కుటుంబాలకు మా క్లబ్బులో రాయితీ ఉంది. ఆ రాయితీ మీద సరదాకు ఎయిర్ రైఫిల్ పట్టుకుంది. సరదాగానే మా పాత మెంబర్లు కొందరిని ఓడించింది. ఆ మెంబర్లు సరదా పడలేదు.

ఈ చలికాలం గల్ఫ్ క్లబ్బుల మధ్య జరిగే పోటీకి మా పెద్ద రైఫిల్ జట్టులో ఆమెను తీసుకున్నారు. ఖాదర్ ఆ రోజు అందరికీ స్వీట్లు పంచాడు. ఎంపిక కానివాళ్ళకు కూడా పెట్టెలు అందాయి. కూతురు జట్టు కోసం తండ్రి తూటా తయారుచేయడం ఏ క్లబ్బులో జరిగింది చెప్పమని నన్ను వారం పాటు అడిగాడు. నాకు తెలిసినంతలో ఎక్కడా జరగలేదని ప్రతిసారీ చెప్పాను. అబద్ధం కాదు, నాకు తెలిసింది తక్కువ.

శుక్రవారాలు పొద్దున, జుమ్మా నమాజుకు ముందు, ప్రాక్టీసు. మొదట్లో లుబ్నా గుళ్ళు కాగితం మీద ఒక్కచోటే పడేవి. కొన్ని వారాలు గడిచాక చెదరడం మొదలెట్టాయి. నాలుగు దగ్గరగా పడితే అయిదోది ఎడమకు, కిందికి పారిపోయేది. జెర్రీ ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి, ఇది మెడ బిగువు సమస్యేనని తేల్చాడు. ఖాదర్ కూడా అదేనన్నాడు. వాళ్ళిద్దరూ ఒక్కమాట మీద నిలబడటం నేను చూసింది ఆ ఒక్కసారే. బిగువు తక్కువైందని ఒకరు, ఎక్కువైందని ఒకరు. అంతమాత్రం తేడా.

ఉంగరాల పరీక్ష మొదలైంది. ఒక శుక్రవారం ముప్పై నాలుగు. మరో శుక్రవారం ముప్పై అయిదు. ముప్పై మూడుతో నొక్కితే గుండు లోపలికి పోనని మొరాయించింది. ముప్పై ఆరుతో నొక్కితే బొటనవేలితో తోసినా దిగిపోయింది. జెర్రీ కంప్యూటర్లో గ్రాఫులు గీశాడు. గాలి వేగం, తేమ, ఎండ, తూటాల డబ్బా కారు డిక్కీలో ఉందా సీటు మీద ఉందా, అన్నీ లెక్కలోకి తీసుకున్నాడు. ఆయనకు ఒక సూత్రం ఉంది. ఒకేసారి రెండు మార్చకూడదు. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. గొప్ప సూత్రం. సైన్సంతా దాని మీదే నిలబడిందని ఆయన చెప్పగా విన్నాను.

ఖాదర్ పద్ధతి వేరు. ఆయన ప్రతి గొట్టాన్నీ వేళ్ళ మధ్య తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, నొక్కుతున్నప్పుడు లివరు చేతికి ఏం చెప్తోందో వినేవాడు. కూతురు కాల్చబోయే తూటాలను మెత్తటి బట్టలో చుట్టి పెట్టేవాడు. పసిబిడ్డకు తలంటి పోసినట్టుండేది ఆయన శ్రద్ధ.  లుబ్నా ఇచ్చినవి కాల్చేది, కాగితం తెచ్చి బల్ల మీద పెట్టేది. ఇద్దరూ కాగితం మీదికి వంగేవారు.

ఒక శుక్రవారం నేను కొత్తగా వచ్చిన మెరుగు పూత ఉంగరాలు పట్టుకుని రేంజికి వెళ్ళాను. మామూలు ఉక్కు కంటే బంగారు రంగు పూత ఉన్నవి మెత్తగా జారతాయని జెర్రీ తెప్పించినవి. లుబ్నా చాప మీద బోర్లా పడుకుని కాలుస్తోంది. చివరి గుండు పేల్చి రైఫిల్ వదిలేసింది. కాని లేవలేదు. దగ్గరకు వెళ్ళి చూస్తే ముఖం చేతుల్లో పెట్టుకుని ఉంది.

"సైలస్ అంకుల్, జర చెయ్యి ఇయ్యుండ్రి. మెడ తిరుగుతలేదు" అంది, నేలనే చూస్తూ.

తండ్రీ, కెప్టెనూ వర్క్‌షాపులో ఉన్నారు. గొట్టాన్ని మంటలో ఎంతసేపు చూపించాలన్న చర్చ నడుస్తోంది. తలుపు దగ్గర నుంచి కేకేసి, అమ్మాయికి మెడ పట్టేసింది, డాక్టరుకు చూపిస్తానని చెప్పాను. వెళ్ళండి, మేము ఈ ఒక్కటీ నొక్కేసి వస్తామన్నారు.

లుబ్నా పనిచేసే బిల్డింగులోనే తెరెసా అని ఒక ఫిజియోథెరపిస్టు ఉంది. ఏలూరు అమ్మాయి, మా చర్చి మనిషి. ఇక్కడ మా ఆరాధన శుక్రవారమే కాబట్టి, ఫోన్ చేయగానే చర్చి నుంచి నేరుగా పట్టుచీరలోనే వచ్చి తలుపు తీసింది. లుబ్నా మెడ, భుజం, వీపు నొక్కి చూసింది. ఎక్కడ వేలు పెట్టినా ఆ అమ్మాయి ఊపిరి బిగబట్టేది. ఇది ఇవాళ వచ్చింది కాదు, చాలా రోజులుగా లాగుతున్న కండరాలని తెరెసా అంది. రైఫిల్ ఎలా పట్టుకుంటావో చూపించమంది.

రైఫిల్ లేదు. గది మూలలో నేల తుడిచే వైపర్ ఉంది. లుబ్నా ఆ కర్ర పట్టుకుని మెల్లగా నేల మీద పడుకుంది. తెరెసా కూడా పట్టుచీర సంగతి మరిచిపోయి పక్కనే నేల మీద పడుకుని, ఆ అమ్మాయి మెడ ఎటు సాగుతోందో చూసింది.

"అంత ముందుకు ఎందుకు చాస్తున్నావు? చెంప గాల్లో ఉంచావేంటి?" అని అడిగింది.

అసలు రైఫిల్ కూడా అంతేనని లుబ్నా చెప్పింది. అది క్లబ్బు రైఫిల్. కిందటి సీజన్లో దానితో ఆడినాయన ఆరడుగుల పైచిలుకు మనిషి. భుజానికి ఆనించే వెనక బట్టు ఆయన చేతికి సరిపోయినంత పొడుగుంది. చెంప ఆనించే దిమ్మ ఆయన ముఖానికి తగినంత కిందికి ఉంది. లుబ్నా ముందుకు సాగి, తల పైకెత్తి, ఆధారం లేకుండా మెడను అలాగే నిలబెట్టి ఇన్ని వారాలూ కాలుస్తోంది. అయిదో గుండు వచ్చేసరికి మెడ వణుకుతుంది. గుండు ఎడమకు, కిందికి పోతుంది.

అప్పుడు వచ్చారు ఇద్దరూ. ఖాదర్ జేబులో మైక్రోమీటరు అలాగే ఉంది. నొప్పి పూర్తిగా పోయేదాకా రైఫిల్ ముట్టుకోవడానికి వీల్లేదని తెరెసా చెప్పింది. పోటీ దగ్గర పడిందని జెర్రీ అన్నాడు. పోటీలు మళ్ళీ వస్తాయండి, ఈ వయసులో మెడ పాడైతే మళ్ళీ రాదని ఆమె అంది.

ఖాదర్ కూతురి ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇంట్లో వాళ్ళు దక్కనీ మాట్లాడుకుంటారు. మేమున్నామనో ఏమో, తెలుగులోనే అడిగాడు.

"నాకెందుకు చెప్పలేదు బేటా?"

"చెప్పిన అబ్బూ. చలికాలం మొదట్లనే చెప్పిన. బట్టు పొడుగైతుంది, చెంప ఆనుతలేదు అన్న. జెర్రీ అంకుల్ ఒక్కసారే రెండు మార్చొద్దన్నరు. మీరు ముందుగాల ముప్పై అయిదు పెట్టి చూద్దామన్నరు."

"మళ్ల?"

"మళ్ల కూడా చెప్పిన. అప్పటికి ముప్పై ఆరు వచ్చింది."

కోపంగా చెప్పలేదు. రిసెప్షన్‌లో ఎవరికో అపాయింట్‌మెంట్ వివరం చెప్పినట్టు చెప్పింది. జెర్రీ కిటికీ దగ్గరకు వెళ్ళి కింద పోయే ట్యాక్సీలను చూడసాగాడు. ఖాదర్ జేబులోంచి మైక్రోమీటరు తీసి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

తర్వాత కారు దగ్గర నాతో అన్నాడు. "నాకు ఇత్తడి తెలుసు సైలస్ భాయ్. దానికేం కావాల్నో తెలుసు. బిడ్డ చెప్పింది నా చెవుల పడ్డది. గని తూటా మంచిగ జేస్తే బిడ్డకు అన్నీ మంచిగైతయ్ అనుకున్న. నాకు చేతనైంది అదొక్కటే గద."

నేను ఆయనకు కారు తలుపు తీసి పట్టుకున్నాను. 

పాఠకులు ఇక్కడ నా వాదం ఓడిపోయిందనుకుంటే పొరపాటు. తర్వాత జరిగింది చూడండి. మర్నాడు భోజనాల బల్ల దగ్గర జెర్రీ, తూటాలకు ఏ ఉంగరం పెడదామని అడిగాడు. మీకు నచ్చింది పెట్టుండ్రి సార్ అన్నాడు ఖాదర్. మరి ముప్పై అయిదు పెడతానన్నాడు జెర్రీ. అట్లనే పెట్టుండ్రి అన్నాడు ఖాదర్. ఇంతకాలం ఎదురుచూసిన గెలుపు చేతికందితే మనిషి ముఖం అంతగా వాడిపోతుందని నేనెప్పుడూ అనుకోలేదు. జెర్రీ అన్నం కెలికాడు. పులుసులో బెల్లం ఎక్కువైందని తనే అన్నాడు. ఖాదర్ దానికీ అవునన్నాడు. బుషింగు వివాదం లేని భోజనం ఎంత నరకంగా ఉంటుందో ఆ రోజుల్లో చూశాం!

పోటీ జరిగింది. లుబ్నా స్థానంలో రిజర్వులో ఉన్న ఒక మెంబరు ఆడాడు. తూటాలన్నీ ముప్పై అయిదుతో, జెర్రీ స్వయంగా నొక్కినవి. మా జట్టు చివర రాలేదు. ముందూ రాలేదు. ఎవరూ ఫొటో అడగని చోట నిలిచింది. ఆ రోజు గాలి సరిగ్గా లేదని జెర్రీ అన్నాడు. లుబ్నా మెడకు పట్టీ పెట్టుకుని వెనక కుర్చీలో కూర్చుంది. తల తిప్పడానికి వీల్లేదు కాబట్టి మనిషంతా ఇటు తిరిగి, అటు తిరిగి, అందరికీ చప్పట్లు కొట్టింది. ఖాదర్ ఆమె పక్కన ఫ్లాస్కు పట్టుకుని కూర్చున్నాడు. టీ పోయమని ఆమె అడిగేదాకా ఆగి, అడిగినంతే పోశాడు.

నొప్పి తగ్గాక, తెరెసా సరేనన్న తర్వాత వచ్చిన శుక్రవారం, లుబ్నా మళ్ళీ రేంజికి వచ్చింది. ఖాదర్ రైఫిల్ తెచ్చి చాప మీద పెట్టాడు. పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతిలో మరలు తిప్పే ఎలెన్ కీ ఒకటి ఉంది. అంతకు మించి ఏ పనిముట్టూ లేదు. బట్టును లోపలికి జరపడానికీ, చెంప దిమ్మను పైకి లేపడానికీ ఆ రైఫిల్‌కు తయారైన రోజు నుంచే మరలున్నాయి. వాటిని తిప్పాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు.

ఆమెను కళ్ళు మూసుకోమన్నాడు. తల బరువంతా వదిలేసి చెంప ఆనించమన్నాడు. ఒక మర కొంచెం తిప్పి, "ఇట్లనా?" అని అడిగాడు. ఇంకొంచెం మీదికి అంది. తిప్పాడు. బట్టు ఇంకింత లోపలికి అంది. జరిపాడు. ఆమె కళ్ళు తెరిచి రైఫిల్ మీది గురి అద్దంలోంచి చూసి, మళ్ళీ మూసుకుని, మళ్ళీ తెరిచి చూసింది. భుజాలు కిందికి దిగాయి. నాకు తుపాకుల గురించి తెలియకపోయినా, ఒక మనిషి ఒళ్ళు విశ్రాంతి తీసుకోవడం చూస్తే తెలుస్తుంది.

"చాలు అబ్బూ" అంది.

జెర్రీ పక్కనే నిలబడి చూస్తున్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? "దిమ్మ ఎంత పైకి వచ్చింది ఖాదర్ భాయ్, కొలిచారా?" అని అడిగాడు.

"కొలవలే సార్. బిడ్డ చాలన్నది" అన్నాడు ఖాదర్.

లుబ్నా కాల్చింది. నేను టెలిస్కోపులోంచి చూశాను. నాకు కాగితం మీద ఒకే ఒక చిరుగు కనపడింది, మిగతా గుళ్ళు ఎక్కడికో పోయాయని కంగారుపడ్డాను. అన్నీ ఆ చిరుగులోనే ఉన్నాయని జెర్రీ చెప్పాడు. అయిదోది కూడా. ఏ ఉంగరంతో నొక్కిన తూటాలివని ఖాదర్‌ను అడిగితే, డైలో ఏది ఉందో అదేనన్నాడు. చూడలేదట.

జెర్రీ చాప దగ్గర గొంతుక్కూర్చుని, నువ్వు చెప్పినప్పుడే వినాల్సిందమ్మా అన్నాడు. ఇప్పుడు విన్నరు గద అంకుల్ అని లుబ్నా అంది. ఆయన లేచి, ఇవాళ ఎండ కూడా కొంచెం తక్కువగా ఉంది సుమండీ అన్నాడు నాతో. మంచి మనిషి. సైన్సు ఒక్క పూటలో వదలదు.

కాబట్టి నా మాట మీద నేను ఇప్పటికీ నిలబడతాను. బుషింగు వంటి వస్తువు ఇంకొకటి లేదు. దానికి నోరు లేదు. ఎంత నొక్కినా నొప్పి అనదు. నచ్చకపోతే డబ్బాలో పెట్టి ఇంకోటి తీయవచ్చు. అది సరిపోలేదని ఎవరి మనసూ నొచ్చుకోదు. మనిషి అలా కాదు. చెప్తుంది. వినకపోతే మళ్ళీ చెప్తుంది. విన్నామా, మనం చేస్తున్న ముఖ్యమైన పని ఆపి, ఆ మనిషి వంక తిరగాలి. ఎంత ఇబ్బంది! వెంట్రుకలో మూడో పాయను కొలిచే తెలివి ఉన్న పెద్దలు, ఎదురుగా ఉన్న పిల్ల మెడను చూడలేదంటే వాళ్ళది తప్పంటారా? ఆ మెడకు మైక్రోమీటరు పట్టదు కదా.

అన్నట్టు, క్లబ్బులో ఒక కొత్త సమస్య వచ్చిపడింది. ఆ రైఫిల్ క్లబ్బుది, రేపు ఇంకొకరు తీసుకుని మరలు తిప్పుకోవచ్చు. తర్వాత తన చోటు తనకు దొరకాలని లుబ్నా బట్టు మీద ఒకటి, చెంప దిమ్మ కమ్మీ మీద ఒకటి, ఎర్రటి నెయిల్ పాలిష్‌తో గీతలు పెట్టింది. ఖాదర్ రైఫిల్ తుడిచేటప్పుడు ఆ గీతల చుట్టూ తుడుస్తున్నాడు, వాటి మీద గుడ్డ పోనివ్వడు. ఇస్హాక్ గారి కంట పడింది. అంత ఖరీదైన రైఫిల్ మీద పెళ్ళికూతురు గోరులా ఆ రంగేమిటని మండిపడ్డారు. క్లబ్బు ఆస్తి పాడుచేయరాదని సర్క్యులర్ తీయమన్నారు. ఆ మరకలు తుడవడానికి వెంటనే ఒక సీసా నెయిల్ పాలిష్ రిమూవర్ కొనమని నాకు ఆర్డరిచ్చారు.

సముద్రాల అవతల నుంచి వెయ్యో వంతు తేడా ఉన్న ఉంగరాలు తెప్పించినవాణ్ణి, ఒక సీసా కొనలేనా? అల్ సద్‌లో లుబ్నా క్లినిక్ కింద షాపులో ఆ సీసాలు గుమ్మం దగ్గరే వరసగా పేర్చి ఉంటాయి. వాటి ముందు నుంచే నడిచి ఆఫీసుకు వచ్చి, మేనేజర్ గారికి మెయిల్ పెట్టాను. దేశమంతా గాలించాను, ఆ వస్తువు కతార్‌లో ఎక్కడా స్టాకు లేదు.

మీకెక్కడైనా కనిపిస్తే దయచేసి ఆయనకు చెప్పకండి.